కోడెతో పుట్టిన పెయ్య

మా ఇంట్లో ఆవు ఈనిందంటే ఎవరూ ముందు దూడ ముఖం చూడరు, తోక ఎత్తి చూస్తారు. కోడెదూడ అయితే మడక దున్నడానికి, పెయ్యదూడ అయితే పాడికి. ఎప్పుడో అరుదుగా ఒకే కాన్పులో రెండూ పుట్టేవి. అలాంటప్పుడు మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కొట్టంలోంచి మూతి ముడుచుకుని బయటికి వచ్చేది. కోడెతో కలిసి పుట్టిన పెయ్య పెద్దయ్యాక సూడి కట్టదు, గర్భమే రాదు. మెడ లావెక్కుతుంది, నుదురు వెడల్పవుతుంది, ఎద్దులా రంకె వేస్తుంది. ఆ సంగతి దాచి పుంగనూరు సంతలో అమ్మబోతే అవతలివాడు నాలుగు తిట్టి పంపుతాడు. పశువులున్న ప్రతి ఇంటికీ తెలిసిన విషయమే ఇది. ఆవుల వరకు మా అవ్వ చెప్పింది అక్షరాలా నిజం.

చిక్కల్లా ఏమిటంటే నేనూ అలాగే పుట్టాను. ముందు నా తోడబుట్టినవాడు, వాడి వెనకే నేను. పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఒక మెట్ట పల్లె మాది. మంత్రసాని ఇద్దర్నీ కడిగి చాటలో పడుకోబెడితే అవ్వ వచ్చి చూసి "కోడె, పెయ్య" అందట. నవ్వుతూ అందో, నొచ్చుకుని అందో మా అమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లో వాణ్ణి అబ్బోడా అనీ నన్ను పాపా అనీ పిలిచేవాళ్లు.

వాడు నెమ్మది, నేను దుడుకు. నేను చింతచెట్టెక్కి కాయలు దులిపితే వాడు కింద నిలబడి తువ్వాలు పట్టేవాడు. వాడికి ముగ్గులంటే ప్రాణం. అమ్మ కళ్లాపి చల్లడం ఆలస్యం, పిండి గిన్నె పట్టుకుని కూర్చునేవాడు. వాడు వేసిన ముగ్గు చూసి పక్కింటి ఆడవాళ్లు నేర్చుకునేవారు. నేను వేస్తే కోడి కెలికినట్టుండేది. ఊరి మగపిల్లలు వాణ్ణి వెక్కిరిస్తే వాళ్ల వీపులు వాయగొట్టే పని నాది. మాకిద్దరికీ ఇందులో వింతేమీ కనపడలేదు, ఉన్న పనులు పంచుకున్నామంతే.

అవ్వకు మాత్రం వింతగానే కనపడింది. "కడుపులోనే వీని బలమంతా ఇది లాగేసుకునింది. ఇంకా లాగతానే ఉండాది సూడు" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. నేను అన్నం ఎక్కువ తిన్నా అదే మాట, వాడు తక్కువ తిన్నా అదే మాట. వినీ వినీ నాకూ ఒక అనుమానం పట్టుకుంది. ఒకరోజు నా ముద్దలు వాడి కంచంలో వేయబోయాను. వాడు నవ్వి, "నాకు ఆకలి లేదు పాపా, నువ్వే తిను" అన్నాడు.

డెబ్బైల మొదట్లో, నేను మూడో తరగతి చదివే ఏడాది, మా పొట్టి ఆవు కవలలను ఈనింది. కోడెదూడ నీరసంగా పుట్టింది. పెయ్య దాన్ని తలతో నెట్టేసి పొదుగంతా తానే కుడిచేది. అవ్వ పెయ్యను విప్పి కొట్టం అవతల, చూపు కూడా ఆనని చోట గుంజకు కట్టింది. కొన్నాళ్లకు కోడెదూడ గెంతడం మొదలుపెట్టింది. పాలు కడుపునిండా దొరికితే ఏ దూడ గెంతదు? కాని అవ్వకు అదే సాక్ష్యమైపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అబ్బోడు జ్వరమొచ్చి మంచం పట్టాడు.

"దీన్ని గూడా దూరంగా కట్టప్పా" అంది అవ్వ మా నాయనతో, నా ముందరే. "లేకుంటే పిల్లోడు దక్కడు."

నాయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. అమ్మ ఏడ్చింది గాని, మంచం మీద ఉన్న కొడుకును చూసి నా బట్టలు తానే మూట కట్టింది. కుప్పంలో అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, ఉండేది. నాయన నన్ను పలమనేరులో బస్సు మార్చి కుప్పం తీసుకెళ్లి దింపాడు. "అబ్బోడు లేసి తిరిగితే వచ్చి పిలసకపోతా" అని చెప్పి వెళ్లాడు. అబ్బోడు లేచాడు, తిరిగాడు, బడికి కూడా పోయాడు. నాయన మాత్రం పిలుచుకుపోవడానికి రాలేదు.

చిన్నమ్మ చెడ్డది కాదు. ఆమె భర్త బజారులో బెల్లం, రాగులు అమ్మేవాడు. వాళ్లమ్మాయి అప్పటికే పెళ్లయి వెళ్లిపోయింది. ఇల్లు రైలుకట్టకు దగ్గర. వీధిలో సగం ఇళ్లలో అరవమే, పిల్లల ఆటలూ అరవంలోనే. నేను గడప మీద కూర్చుని చూసేదాన్ని. చిన్నాయన అంగట్లోంచి బెల్లం ముక్క తెచ్చి చేతిలో పెడితే, అలవాటు కొద్దీ రెండుగా విరిచేదాన్ని. విరిచాక గుర్తొచ్చేది, రెండో ముక్కకు మనిషి లేడని. రెండూ నేనే తినేదాన్ని. చాపలో కూడా సగం వదిలిపెట్టి ఒక అంచున పడుకునేదాన్ని. "యాలమ్మా అట్లా ముడుక్కుంటావు, సాపంతా నీదే కదా" అనేది చిన్నమ్మ. ఆ చాపంతా నాకు అక్కరలేదు. వాడి పక్కన నా చోటు నాకు తిరిగి కావాలి. అప్పుడూ ఇదే, ఆ తర్వాత ఎన్నేళ్లయినా నేను కోరుకున్నది ఇదొక్కటే.

సెలవులకు ఊరికి పంపేవాళ్లు, కాని చుట్టం వచ్చినట్టే ఉండేది. వాడు తినేవరకు నన్ను కూర్చోనిచ్చేది కాదు అవ్వ. నేను లేనన్నాళ్లు వాణ్ణి మగవాడిలా తయారు చేద్దామని వాళ్లు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. మడక పట్టించారు, కుస్తీ పట్టించారు, పిండి గిన్నె అటక మీద పెట్టారు. నేను పోయినా వాడు మారలేదు. నేను వస్తున్నానని తెలిస్తే కొట్టం వెనక, ఎవరూ చూడని చోట, ముగ్గు వేసి ఉంచేవాడు. నేను ఏమీ ఎరగనట్టు చెంబు పట్టుకుని ఆ పక్కకు పోయి చూసి వచ్చేదాన్ని.

కుప్పంలోనే నేను పెద్దమనిషినయ్యాను. చిన్నమ్మ సంతోషం పట్టలేక ఏడ్చింది. వీధిలో అందరికీ నువ్వుల చిమ్మిలి పంచి, మా ఊరికి మనిషిని పంపింది. ఇక పిలిపించుకుంటారని నేను బట్టలు సర్దుకుని కూర్చున్నాను. పోయిన మనిషి అవ్వ మాట మోసుకొచ్చాడు. "ఒకోసారి ఎదకొచ్చినట్టే ఉంటాది. సూడి మాత్రం కట్టదు." చిన్నమ్మ వాడికి మజ్జిగ కూడా పోయలేదు. నేను సర్దిన బట్టలు మళ్లీ పెట్టెలో పెట్టాను.

ఇంటర్ అయ్యాక డిగ్రీకి మదనపల్లెలో చేరాను, హాస్టల్లో ఉండి. జువాలజీ తీసుకున్నది కప్పల మీద ప్రేమతో కాదు. ఎక్కడో ఒకచోట ఆ పెయ్య సంగతి ఉంటుందని. రెండో ఏడు గ్రంథుల పాఠం వచ్చింది. మా మేడమ్ నెల్లూరు వైపు మనిషి, మెల్లగా చెప్పేది. హార్మోన్లంటే పెద్దయ్యాక గడ్డాలూ మీసాలూ తెప్పించేవే కావనీ, పుట్టకముందే పని మొదలుపెడతాయనీ చెప్పింది. కడుపులో మగపిండం నుంచి ఊరే హార్మోను శరీరాన్నే కాదు, మెదడును కూడా మలుస్తుందట. ఎలుకల్లో, పుట్టిన కొత్తల్లో ఆడకూనకు ఆ మగ హార్మోను కొంచెం పడితే చాలు, పెద్దయ్యాక అది ఆడ ఎలుకలా మెలగదట. అదే హార్మోను పెద్ద ఎలుకకు ఎంత ఎక్కించినా ఆ మార్పు రాదట. ఆ చిన్ననాటి రోజులు దాటితే అచ్చు గట్టిపడిపోతుంది అంది ఆమె.

క్లాసయ్యాక వెంటపడి అడిగాను. "మేడమ్, కోడెతో పుట్టిన పెయ్య సూడి కట్టదు కదా. మనుషుల్లోనూ అంతేనా?"

ఆమె నడక ఆపింది. ఎందుకు అడుగుతున్నావని అనలేదు. "ఆవు కడుపులో ఆ రెండింటి మాయలూ, అంటే ప్లాసెంటాలూ, కలిసిపోతాయి. రక్తనాళాలు అతుక్కుని కోడె రక్తం పెయ్యకు పారుతుంది. అందుకే దాని అండాశయాలు పెరగవు. మనుషుల్లో ఆడా మగా కవలలైతే ఎవరి మాయ వారిదే, ఎవరి రక్తం వారిదే. అలాంటి ఆడపిల్లలకు శుభ్రంగా పిల్లలు పుడతారు."

"మెదడు సంగతో?"

"పక్కపక్కనే ఉంటారు గనక కొద్దిగా అంటుతుందేమోనని అనేవాళ్లున్నారు. తేల్చినవాళ్లు లేరు. మనిషిని ఎలుకలా పెంచి చూడలేం కదమ్మా."

ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. చెట్లెక్కడం, వీపులు వాయగొట్టడం కడుపులోనే అంటుకున్నాయా? లేక ఊరంతా నన్ను కోడె కింద జమకట్టింది గనక కోడె వేషాలు వేశానా? మరి వాడి ముగ్గులో? వాడి హార్మోను వాడికి ఉండనే ఉంది కదా, నేనేం తాగేయలేదు కదా! నాకు ఒళ్లు మండిపోయింది. ఒక ఆవు మాయను చూసి ఇద్దరు పిల్లల్ని విడగొట్టారు. మరునాడే బస్సెక్కి ఊరికి పోయాను.

అవ్వ అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. మాయల సంగతంతా విడమరిచి చెప్పాను, నేల మీద బొమ్మ కూడా గీసి చూపించాను. ఆమె శ్రద్ధగానే విన్నది. విని, "మీ మేడమ్ ఎన్ని ఆవుల్ని ఈనించిందిమే?" అంది. పక్కన నాయన నవ్వాడు. అబ్బోడు నవ్వలేదు, నేను గీసిన బొమ్మ వైపే చూస్తూ ఉన్నాడు.

నిమ్మనపల్లె నుంచి ఒక సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు తండ్రి నన్ను చూసి బాగుందనే అన్నాడు. కాఫీ తాగాక కొట్టం చూసి వస్తానని లేచాడు. మా వైపు సంబంధం చూడవచ్చినవాళ్లు పిల్లతో పాటు పశువులనూ చూసి పోతారు. అక్కడ ఎవరో పాలేరుతో మాటల్లో మాటగా మా పుట్టుక తెలిసింది. తిరిగి వచ్చి కండువా భుజాన వేసుకుని, "కబురు సేస్తామప్పా" అని వెళ్లిపోయాడు. కబురు రాలేదు. ఆ తర్వాత నాయన ఎక్కడికీ వెళ్లి అడగలేదు. అవ్వ పోయింది, ఆమె మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

నాకు మదనపల్లెలోనే ఒక స్కూల్లో సైన్సు టీచరుగా పని దొరికింది. ఒక ముసలావిడ ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాను. చలికాలం పొద్దున్నే టమోటా లారీల మోత వింటూ రాగిసంకటి కలుపుకునేదాన్ని. బడి ఉన్న రోజులు ఎట్లాగో గడిచేవి. ఆదివారం గడిచేది కాదు. బట్టలు ఉతుక్కుని, తల అంటుకుని, ఆరుబయట కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసేదాన్ని. ఒంటరితనం మంచిదనీ, చదువుకున్నవాళ్లకు అదే తోడనీ అనేవాళ్లను ఒక్క ఆదివారం నా గదిలో కూర్చోబెట్టాలని ఉండేది.

అబ్బోడికి పెళ్లయింది. వాడికేమీ అడ్డు రాలేదు, కోడెకు ఎవరూ వంక పెట్టరు. ఎనభైల చివర్లో వాడి భార్య, మా వదిన, పుట్టింట కాన్పయి, ఐదో నెలలో బిడ్డలతో ఇంటికి వచ్చింది. బిడ్డలని ఎందుకు అన్నానంటే ఇద్దరు. ఒక మగ, ఒక ఆడ.

ఒక శనివారం అబ్బోడు స్వయంగా నా గదికి వచ్చాడు. "అమ్మ నిన్ను రమ్మంటాంది పాపా" అన్నాడు. ఏమిటని అడిగితే కాళ్ల వైపు చూసుకున్నాడు. వాడెప్పుడూ అంతే, చెప్పలేనిది ఉంటే నేల చూస్తాడు. తిరుగు బస్సులో ఇద్దరం బయలుదేరాము.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అంతా సిద్ధంగా ఉంది. గోడవారన ఒక మూట. చిన్న చిన్న చొక్కాలు, పాలసీసా, వసకొమ్ము. ఆ మూట కట్టిన తీరు నాకు తెలుసు. కుప్పం పోయినప్పుడు నా మూట అలాగే ఉంది.

"నీ కాడ పెట్టుకోమ్మా" అంది అమ్మ. "నువ్వు సదువుకున్నదానివి, బాగా పెంచుతావు. పిల్లోడు సూడు, పాలు తాగడు, ఎట్లా పీక్కపోయినాడో. ఇదేమో గుండులా ఉండాది. మీ అవ్వ ఊరికే చెప్పలేదు."

నాకు కోపం తలకెక్కింది. మళ్లీ మాయల సంగతి ఎత్తుకున్నాను. కాలేజీలో ఒక మేడమ్ చెప్పిందని కాదు, నేనే పిల్లలకు చెబుతున్నాననీ, మనుషుల్లో రక్తాలు కలవవనీ, ఈ పిల్ల వాడి బలం లాక్కోవడం జరగని పని అనీ. అమ్మ అంతా విని, నెమ్మదిగానే అంది.

"నీకొక బిడ్డ పుట్టుంటే నేనూ నమ్ముండేదాన్ని."

"పెండ్లి యాడ చేసినారమ్మా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చెప్పింది నిజమే. కాని ఆ ఇంట్లో చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. వాళ్ల మాట వల్లే ఖాళీగా మిగిలిన నా ఒడి, వాళ్ల మాటకే సాక్ష్యమై కూర్చుంది.

అప్పుడు అబ్బోడు నోరు విప్పాడు. "తీసకపో పాపా. అమ్మ మాట పక్కన పెట్టు. నువ్వు ఒంటిగా ఉండావు, నాకు తెలుసు. నా బిడ్డ నీ కాడుంటే నేను ఉన్నట్టే కదా."

వాడు ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. బిడ్డను తీసి నా చేతుల్లో పెట్టాడు. బరువుగా, వెచ్చగా ఉంది. నా వేలు పట్టుకుని వదల్లేదు. ఆ కాసేపట్లోనే నేను మదనపల్లె గదంతా సర్దేశాను. ఊయల ఏ దూలానికి వేయాలి, బడికి పోయినప్పుడు ముసలావిడ చూసుకుంటుందా, ఆదివారం దీనికి తలంటి ఎండలో పడుకోబెడితే ఎట్లా ఉంటుంది... అంతా కళ్ల ముందు తిరిగింది. తీసుకుపోతే కాదనేవాళ్లు ఎవరూ లేరు. పైగా అందరూ సంతోషిస్తారు. దీన్ని నాకంటే ప్రేమగా పెంచేవాళ్లు కూడా ఎవరూ ఉండరని నాకు నమ్మకం.

వదిన నా పక్కనే కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె చేయి మాత్రం చాచి, నా ఒళ్లో ఉన్న బిడ్డ పాదం పట్టుకుని ఉంది. ఊయలలో మగపిల్లాడు ఒక పక్కకే పడుకుని ఉన్నాడు. రెండో పక్క అంతా ఖాళీ.

"ఇది నాకు తోడు కాదురా అబ్బోడా" అన్నాను. "వానికి తోడు."

బిడ్డను తీసుకెళ్లి వాడి పక్కన పడుకోబెట్టాను. మూట విప్పి చొక్కాలన్నీ దండెం మీద వేశాను. "పిల్లోడు పాలు తాగకపోతే చూపించాల్సింది డాక్టరుకు. అందరూ బయల్దేరండి, ఇద్దర్నీ తీసుకుని" అని కోప్పడ్డాను. నా కోపానికి ఆ ఇంట్లో ఎప్పుడూ విలువ లేదు. ఆ రోజు ఎందుకో అమ్మ చెప్పులు వేసుకుంది.

మదనపల్లెలో డాక్టరమ్మ ఇద్దర్నీ చూసి, తల్లి పాలు ఇద్దరికీ చాలడం లేదంది. గట్టిగా చప్పరించే బిడ్డ తాగుతోంది, మెత్తనివాడు మిగిలిపోతున్నాడు. పైపాలు పట్టమంది. అంతే. కొట్టంలో దూడల విషయంలో ఎవరికైనా తట్టే సంగతి. వాళ్లంతా ఓ వారం నా గదిలోనే ఉన్నారు. చాపలు చాలక అందరం అడ్డంగా పడుకున్నాము. బిడ్డలిద్దరూ నా పక్కన. పిల్లాడి బుగ్గలు తేరుకోవడం మొదలైంది. అమ్మ పోతూ పోతూ ఆడబిడ్డను తానే ఎత్తుకుంది. నా చేతిలో ఒక బెల్లం అచ్చు పెట్టింది.

వాళ్లను బస్సెక్కించి గదికి తిరిగి వచ్చేసరికి వాకిట్లో ముగ్గు ఉంది. పొద్దున నేను పాలకు పోయినప్పుడు అబ్బోడు వేసినట్టున్నాడు, హడావుడిలో చూసుకోలేదు. అంత మీసాలవాడు, పట్నం వీధిలో, నలుగురూ చూస్తుండగా కూర్చుని వేశాడు. దాన్ని తొక్కకుండా పక్కనుంచి లోపలికి వెళ్లి ఏడ్చాను. ఆ బిడ్డ నాకు ఎంత కావాలనిపించిందో ఎవరికీ చెప్పలేదు, చెబితే దాన్ని నా దగ్గరికి పంపించేసేవాళ్లు.

కాసేపటికి ఆకలేసింది. అమ్మ ఇచ్చిన బెల్లం అచ్చు విరిచాను. రెండు ముక్కలైంది. రెండూ నేనే తిన్నాను.